మూడు చేతుల ఎరిస్తావితో ఒక శనివారం

రెండేళ్ళుగా ప్రతి శనివారం మా అమ్మాయి స్వాతిని పియానో పాఠానికి జురాంగ్ వెస్ట్ నుంచి టాంపినీస్ తీసుకువెళుతున్నాను. సింగపూర్ చిన్నదే కానీ, మా గుమ్మం నుంచి వాళ్ళ గుమ్మానికి గంటంబావు పైనే పడుతుంది. పియానో నేర్పే ఎతేరి గారిది జార్జియా. అమెరికాలో ఆ పేరుతో ఉన్న రాష్ట్రం కాదు, నల్ల సముద్రానికి తూర్పున కాకసస్ కొండల్లో ఉన్న చిన్న దేశం. ఆవిడ భర్త ఇక్కడ ఒక కళాశాలలో చిత్రలేఖనం చెప్పడానికి వచ్చి ఇక్కడే పోయారు. ఆవిడ ఉండిపోయారు. డెబ్బై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ నొప్పులు. తప్పు వాయించిన పిల్లల్ని పెన్సిలుతో కొట్టరు గానీ, కొట్టినట్టే చూస్తారు.

పాఠం ముప్పావుగంట. అంతసేపూ నేను ముందు గదిలో కూర్చుంటాను. ఎదురుగా గోడమీద రెండున్నర అడుగుల ఎత్తున్న నీటిరంగుల బొమ్మ ఒకటి ఉంటుంది. పొడవాటి నీలం అంగీ, నల్లని గడ్డం, మనల్నే చూస్తున్నట్టుండే పెద్ద కళ్ళు. ఎడమ చెయ్యి గుండె మీద ఉంటుంది. కుడి అరచేతిలో చిన్న చర్చి, మనం హారతి పళ్ళెం పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని ఉంటాడు. కుడి భుజానికి పైన లేత గోధుమరంగు మరక ఒకటి ఉంది. పరీక్షగా చూస్తే అది పైకెత్తిన ఇంకో చెయ్యిలా, ఆ చేతిలో కత్తి ఉన్నట్టుగా కనిపిస్తుంది. గీసినాయన ముందు చెయ్యి ఒకలా వేసి, నచ్చక మార్చి ఉంటారనుకున్నాను. అడగలేదు. అసలు బొమ్మలో మనిషి ఎవరన్నదే ఏడాదిన్నర దాకా అడగలేదు. ఆ సంగతి తెలిసినప్పుడు మా ఆవిడ నవ్వి, "ఏడాదిన్నర ఆయన మొహం చూస్తూ కూర్చుని ఎవరని అడగలేదా! మా నాన్న ఏం చేస్తారో కూడా పెళ్ళయిన రెండేళ్ళకి కదూ అడిగారు మీరు," అంది.

అడిగిన రోజున ఎతేరి గారు పియానో మూత వేసి వచ్చి నా పక్కన కూర్చున్నారు. "మా ఎరిస్తావి," అన్నారు, మా పెదనాన్న అన్నంత మామూలుగా. ఎరిస్తావి అంటే రాజు కింద ఒక ప్రాంతాన్ని ఏలే ప్రభువు. మన చరిత్రలో సామంతుడు, మండలేశ్వరుడు అంటామే, అలాంటివాడు. మధ్యయుగాల నాటి మనిషి. వాళ్ళ ఊరి చర్చి గోడమీద ఈయన బొమ్మ ఉంది. కింద పేరు రాసిన చోట గచ్చు ఎప్పుడో రాలిపోయింది. అందుకని ఊరంతా ఆయన్ని ఎరిస్తావి అనే అంటారు. ఆవిడ భర్త పెళ్ళయిన కొత్తలో నలభై రోజులు నిచ్చెన మీద నిలబడి ఆ గోడబొమ్మకు నకలు తీశారు. అదే ఈ బొమ్మ.

అప్పట్నించి ప్రతి శనివారం పాఠం అయ్యాక పది నిమిషాలు ఆ మనిషి జీవితం చెప్పేవారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఎరిస్తావి చిన్నప్పుడు రాజుగారి కొలువులో పెరిగాడు. గౌరవం కోసం పెట్టుకున్నారని ఒక మాట, తండ్రి తిరగబడకుండా కొడుకుని దగ్గర ఉంచుకున్నారని ఒక మాట. తండ్రి పోయాక రాజు ఒక జెండా, ఒక ఈటె ఇచ్చి లోయకు పంపాడు. పన్ను వసూలు, తగువులు తీర్చడం, పిలుపు వస్తే లోయలోని మగవాళ్ళను యుద్ధానికి నడిపించడం, ఇవీ ఆయన పనులు. కొండమీది ప్రతి బురుజు ఇంట్లో ఎవరున్నారో పేర్లతో సహా తెలుసట. రెండు ఊళ్ళు నీటి కోసం కొట్టుకుంటే, ఇరువైపుల పెద్దల్నీ ఒకే గదిలో పెట్టి, ఒకే రొట్టె ఇచ్చి, అది పంచుకుని తినేదాకా తలుపు తీయించలేదట. భార్య మాటకు మాత్రం ఎదురు చెప్పేవాడు కాదట. "ఆవిడ మా ఊరి పిల్ల మరి," అని ఎతేరి గారు గర్వంగా అన్నారు, నిన్న మొన్న జరిగిన పెళ్ళిలా. ఇలా సాగుతూ సాగుతూ, కనుమ దారి మీది సుంకం రాజు ఇంకొకరికి రాసిచ్చాడని ఎరిస్తావి తిరగబడటం, రెండు చలికాలాలు కనుమ మూసేయడం, చివరికి పట్టుబడి చెరసాల పాలవడం దాకా వచ్చాం. కథ అక్కడ ఆగింది. ఆ వారం మాకు స్టేషన్‌కు వెళ్ళే బస్సు వచ్చేసింది.

తర్వాతి శనివారం ఆవిడ కథ చెప్పలేదు. ఊరి నుంచి ఉత్తరం వచ్చిందన్నారు. చర్చి పైకప్పు ఏళ్ళ తరబడి కారి, గోడమీది ఎరిస్తావి మొహం, ఛాతీ, చేతులు పూర్తిగా రాలిపోయాయట. కప్పు బాగుచేయించారు, బొమ్మను మళ్ళీ వేయడానికి ఒక చిత్రకారుడు వస్తున్నాడు. కానీ చూసి వేయడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఉన్న ఒక్క నకలూ టాంపినీస్‌లో గోడమీద ఉంది. దానికీ ఇక్కడి ఉక్కకు కింది అంచంతా బూజు పట్టింది. కాగితం పెళుసుబారింది. అంత దూరం విమానంలో పంపితే ఏమవుతుందో అని భయం. ఆవిడ చెల్లెలి కొడుకు లెవాన్ ఓడలో ఇంజనీరు, ఆ వచ్చే శనివారం సింగపూర్‌లో ఓడ దిగి సాయంత్రం విమానానికి ఇంటికి వెళుతున్నాడు. "స్వాతి ఫాదర్, మీరు కంప్యూటర్ల మనిషి కదా. ఈ బొమ్మను ఒక సీడీలో పెట్టించగలరా?" అని అడిగారు. ఆవిడ నన్ను ఎప్పుడూ స్వాతి ఫాదర్ అనే పిలుస్తారు. చేయిస్తానన్నాను.

ఆ శనివారం స్వాతికి స్కూల్లో ఏదో క్యాంపు, పాఠం లేదు. ఉదయం ఎనిమిదీ పదికి ఇంట్లోంచి బయల్దేరాను. మా ఆవిడ పులిహోర డబ్బా చేతిలో పెట్టి, "ఆవిడక్కూడా పెట్టండి. మీరు మొహమాటపడి అలాగే వెనక్కి తెచ్చేరు," అంది. మా బ్లాకు కింద ఫీడర్ బస్సు ఎక్కి బూన్ లే స్టేషన్, అక్కడి నుంచి ఒకే రైలులో టాంపినీస్. మారే పని లేదు, రెండు డాలర్ల లోపే అవుతుంది. బూన్ లే మొదటి స్టేషన్ కాబట్టి కూర్చోవడానికి చోటు తప్పకుండా దొరుకుతుంది. మధ్యలో రైలు భూమి మీద పరుగెత్తేటప్పుడు కిటికీ వైపు కూర్చుంటే మంచి కాలక్షేపం. తొమ్మిదిన్నరకు ఎతేరి గారి ఇంట్లో ఉన్నాను. ఆవిడకు పదింటికీ పదకొండింటికీ పిల్లలు వస్తారు, కాబట్టి నేనొక్కణ్ణే వెళ్ళాలి. చట్రంలోంచి బొమ్మను తీసి, రెండు అట్టల మధ్య పెట్టి, పాత దుప్పటి చుట్టి ఉంచారు. గుమ్మం దగ్గర దుప్పటి మీద చెయ్యి వేసి వాళ్ళ భాషలో ఏదో చెప్పారు. నాతో కాదు, లోపలున్నాయనతో.

పాత బొమ్మలు, పెద్ద ఫోటోలు కాపీ తీయించాలనుకునేవాళ్ళు సిటీ హాల్ స్టేషన్‌లో దిగండి. అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే బ్రాస్ బసా వైపు పాత పుస్తకాల దుకాణాలు, రంగులు, కుంచెలు అమ్మే దుకాణాలు ఉన్న కాంప్లెక్సు వస్తుంది. పై అంతస్తులో ఒక చిన్న కొట్టులో పెద్ద స్కానర్ ఉంది. నడిపేది అరవై దాటిన చీనా పెద్దాయన, లిమ్ అంకుల్ అంటారు. ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తారు. అద్దాలు నుదుటి మీదికి తోసుకుని దుప్పటి విప్పి, కాసేపు బొమ్మనే చూశారు.

"వా, మీ దేశం రాజా?" అన్నారు.

"కాదు అంకుల్, మా అమ్మాయి పియానో టీచర్ వాళ్ళ ఊరు."

"ఇండియన్ మనిషి తెచ్చాడు, బొమ్మ ఇండియన్ కాదు. బాగుంది లా. స్కాన్ చేసి శుభ్రం కూడా చేయనా? బూజు, మచ్చలు అన్నీ తీసేస్తా. కొత్తదానిలా ఉంటుంది."

"చేయండి."

స్కాన్ అయ్యాక అంకుల్ కంప్యూటర్ ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కింది అంచు మీది బూజు చుక్కల్ని ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టారు. చూస్తుండగానే నీలం అంగీ కడిగినట్టు బయటికి వచ్చింది. చాలా ఓపికైన పని. చివరికి భుజం పైనున్న గోధుమరంగు చెయ్యి దగ్గర ఆగారు. "ఇదేంటి? మచ్చా, చెయ్యా?"

ఇక్కడ నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. నేను ఇంటర్ దాకా చదివి, తర్వాత సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఈ సాఫ్ట్‌వేర్ కెరటంలో ఇక్కడికి వచ్చిపడినవాణ్ణి. ఒక బ్యాంకు పాత వ్యవస్థలోని సమాచారాన్ని కొత్త వ్యవస్థలోకి మార్చడం మా పని. పాతికేళ్ళ రికార్డులు. ఒకే మనిషి రెండుసార్లు ఉంటాడు, పాత చిరునామాతో ఒకసారి, కొత్త చిరునామాతో ఒకసారి. కొత్తది ఉంచి పాతది తీసేయాలి. రోజుకు కొన్ని వందలు. చేసి చేసి నా కంటికి ఏదైనా రెండుసార్లు కనిపిస్తే ఒకటి తప్పు అనే అనిపిస్తుంది. ఆ ఉదయం కూడా అంతే. చర్చి పట్టుకున్న చెయ్యి స్పష్టంగా ఉంది. ఇది పాతది, మసక.

"డూప్లికేట్ అంకుల్. తీసేయండి," అన్నాను.

"ష్యూరా?"

"ష్యూర్."

అంకుల్ నా వైపు ఒకసారి చూసి, భుజాలు ఎగరేసి, తీసేశారు. స్కాను, శుభ్రం చేయడం, సీడీ, చూసుకోవడానికి ఒక ప్రింటు, అన్నీ కలిపి నలభై రెండు డాలర్లు. బయటికి వచ్చేసరికి పన్నెండున్నర. పులిహోర డబ్బాను ఎతేరి గారితో కలిసే తెరుద్దామని, దగ్గర్లోని హాకర్ సెంటర్‌లో ఒక దోశ, టీతో సరిపెట్టుకున్నాను. మూడు డాలర్లు. రద్దీగా ఉంది. ఇక్కడ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే అది మనదని లెక్క, దాన్నే చోప్ చేయడం అంటారు. నేను ఒక కుర్చీలో కూర్చుని, రెండో కుర్చీలో దుప్పటి చుట్టిన బొమ్మను నిలబెట్టి, ముందు బల్లమీద టిష్యూ ప్యాకెట్ పెట్టాను. దోశ తెచ్చిన తమిళ పెద్దాయన ఆ కుర్చీ వంక చూసి, "ఏం తంబీ, ఆ సారుకి ఏం కావాలి?" అన్నారు. "ఆయన తినరు," అన్నాను. "అయితే సీటు ఎందుకు? తినేవాళ్ళు నిలబడి ఉన్నారు, చూడు," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

రెండింటికి మళ్ళీ టాంపినీస్. ఎతేరి గారు తలుపు తీస్తూనే దుప్పటి తడిమి చూసుకున్నారు. బొమ్మ క్షేమం. బల్ల దగ్గర కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ప్రింటు చేతిలోకి తీసుకున్నారు. బూజు పోయిన అంచును వేలితో నెమ్మదిగా నిమిరారు. నవ్వారు. తర్వాత వేలు పైకి వెళ్ళి భుజం దగ్గర ఆగిపోయింది.

"ఆయన చెయ్యి ఏది?"

"ఇదిగో," అని చర్చి పట్టుకున్న చెయ్యి చూపించాను.

"అది కాదు. ఇంకోటి."

అది మరకనుకుని తీసేయించానని చెప్పాను. బొమ్మ మార్చి వేసినప్పుడు మిగిలిన పాత గీత అనుకున్నాననీ చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కళ్ళజోడు తీసి, ఆ రోజు బస్సు రావడంతో ఆగిపోయిన కథ అక్కడే మొదలుపెట్టి చెప్పారు.

ఎరిస్తావి చెరసాలలో నాలుగేళ్ళు ఉన్నాడు. రాజు క్షమించాడు, కానీ షరతులు పెట్టాడు. కనుమ వదులుకోవాలి. సైన్యం ఉండకూడదు. కత్తి పట్టకూడదు. ఒప్పుకుని ఇంటికి వచ్చాడు. అప్పటికి చర్చి గోడమీద ఆయన బొమ్మ ఉంది, తిరుగుబాటుకు ముందు వేయించుకున్నది, కుడి చేత్తో కత్తి పైకెత్తి. రాజుగారి మనుషులు వచ్చి కత్తి తుడిచేయమన్నారు. ఎరిస్తావి మొదట వేసిన చిత్రకారుణ్ణే పిలిపించి, కత్తి చేతి మీద రంగు వేయించి, కింద చర్చి పట్టుకున్న చెయ్యి గీయించాడు. మిగిలిన జీవితమంతా ఆ లోయలోనే వంతెనలు వేయించుకుంటూ, తగువులు తీరుస్తూ గడిపాడు. చివరి ఏడాది సన్యాసి అంగీ వేసుకున్నాడు. అందరూ తన మీదుగా దాటి వెళ్ళాలని, తనను చర్చి గడప కిందే పూడ్చమన్నాడు. గడప కింద అనేసరికి నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. మనం గడప తొక్కం కదా. ఆవిడ చెప్పుకుపోతున్నారు. కొన్ని తరాలకు పైరంగు పలచబడి, కింది కత్తి చెయ్యి బయటికి వచ్చేసింది. అప్పట్నించి ఊరివాళ్ళకి ఆయన మూడు చేతుల ఎరిస్తావి. పిల్లలకి అంకెలు నేర్పేది ఆయన చేతుల మీదే.

"చిత్రకారుడు కావాలనే పైరంగు పలచగా వేశాడు, ఎప్పటికైనా చెయ్యి కనబడాలని. మా ఆయన ఒప్పుకునేవారు కాదు. లోయ బీదది, రంగు చాలలేదు, అంతే అనేవారు. ముప్ఫై ఏళ్ళు దీని మీదే పోట్లాడుకున్నాం. పోట్లాడుతూనే ఆ చేతిని మాత్రం ఎంత జాగ్రత్తగా వేశారో చూడండి," అని అసలు బొమ్మ వైపు చూపించారు. తర్వాత ప్రింటును నా ముందుకు తోశారు. "ఇలా ఉంటే ఈయన పుణ్యాత్ముడు. పుణ్యాత్ములు మా గోడల నిండా ఉన్నారు. ఈయన మావాడు. తప్పు చేసి, ఇంటికి తిరిగొచ్చినవాడు. అక్కడ బొమ్మ వేసేవాడు ఈ సీడీ చూసే వేస్తాడు. ఒకసారి వేశాక ఇంకో ఐదువందల ఏళ్ళు అదే."

లెవాన్ ఐదింటికి ఛాంగీ విమానాశ్రయంలో లోపలికి వెళ్ళిపోతాడు. టైము రెండూ ఇరవై. కొట్టుకు ఫోన్ చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను. ఎంగేజ్. శుభ్రం చేయకముందు తీసిన స్కాన్ అంకుల్ ఉంచారో, తీసేశారో తెలియదు. ఆఫీసులో ఏది ముట్టుకున్నా ముందు బ్యాకప్ తీశారా అని అందర్నీ విసిగించే నేను, అక్కడ ఆ మాటే అడగలేదు. స్కాన్ లేకపోతే మళ్ళీ మొదటి నుంచి చేయాలి. అంటే అసలు బొమ్మ మళ్ళీ రావాలి. బయట చూస్తే ఆకాశం నల్లగా దిగింది, అప్పుడే చినుకులు మొదలయ్యాయి. నీటిరంగుల బొమ్మ.

"మీరు ఉండండి, నేను తీసుకెళ్తాను," అన్నాను.

"ఒకసారి మీతో ఒక్కడే వచ్చాడు, చెయ్యి పోగొట్టుకున్నాడు. ఈసారి నేను కూడా వస్తాను," అన్నారు ఎతేరి గారు. అప్పటికి కొంచెం నవ్వారు. దుప్పటి మీద రెండు పెద్ద నల్ల చెత్త సంచులు తొడిగి, టేపు చుట్టాం. ఆవిడ గొడుగు తన మీద కాకుండా బొమ్మ మీద పట్టుకుని నడిచారు. టాక్సీ డ్రైవర్ ఆ నల్ల మూటను చూసి, "ఆంటీ, డిక్కీలో పెట్టనా?" అన్నాడు. "మనిషిని డిక్కీలో పెడతారా?" అన్నారీవిడ. అతను అద్దంలోంచి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "బొమ్మ అండీ, మనిషి బొమ్మ," అని నేను చెప్పేదాకా కారు కదల్లేదు. దారంతా వాన. పదహారు డాలర్లు. మూడూ అయిదుకు కొట్టు ముందు దిగాం.

లిమ్ అంకుల్ నూడుల్స్ తింటున్నారు. ఫోను పక్కన రిసీవర్ తీసి పెట్టి ఉంది. "శనివారం అందరూ అయిందా, అయిందా అని ఫోన్ చేస్తారు. మకాన్ టైములో తీసేస్తా," అన్నారు, నోట్లో ముద్దతోనే. మకాన్ అంటే తిండి. నేను నా తప్పు చెప్పడం మొదలుపెట్టాను. పూర్తి కాకుండానే ఆయన చాప్‌స్టిక్‌లు పక్కన పెట్టి, కంప్యూటర్ వైపు తిరిగి, ఒక ఫైలు తెరిచారు. తెర నిండా ఎరిస్తావి, బూజు మచ్చలతో సహా, మూడు చేతులతో. ఫైలు పేరు చూస్తే 'ష్యూర్ మ్యాన్' అని ఉంది.

"ఉంచారా!" అన్నాను.

"నువ్వు అంత గట్టిగా ష్యూర్ అన్నావు కదా. గట్టిగా చెప్పేవాళ్ళవే ఉంచుతా. వాళ్ళే మళ్ళీ వస్తారు. ఏమో, చూద్దాం అనేవాళ్ళు రారు."

ఈసారి కుర్చీలో ఎతేరి గారు కూర్చున్నారు. అంకుల్ బూజు తుడిచారు, ఒక్కో చుక్కకీ ముందు ఆవిడ మొహం చూసి. ఒక మచ్చ దగ్గర ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "అది మా ఆయన టీ ఒలికించిన మరక. ఉండనివ్వండి." అంకుల్ ఉండనిచ్చారు. ఊళ్ళో చిత్రకారుడు టీ మరక కూడా వేసేస్తే ఎలా అని నాకు అనిపించింది గానీ, ఆ రోజుకి నా అభిప్రాయాలు చాలనుకున్నాను. సీడీ రాయడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. రెండు సీడీలు రాయించాను. డబ్బులు తీయబోతే అంకుల్ చెయ్యి ఊపారు. "మొదటిసారి అడగాల్సింది నేను కూడా. ఆంటీ, మీ రాజుకి నమస్తే చెప్పండి." నేను పది డాలర్లు కీబోర్డు కింద పెట్టి వచ్చాను.

వానలో టాక్సీ క్యూ వీధి మలుపు దాకా ఉంది. అందుకని రైలు. సిటీ హాల్ నుంచి తానా మేరా, అక్కడ దిగి ఎదురు ప్లాట్‌ఫారం మీద ఛాంగీ రైలు. మొత్తం ముప్పావుగంట లోపే, మారేటప్పుడు మెట్లు ఎక్కే పని కూడా లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. రైల్లో ఎవరో లేచి ఎతేరి గారికి చోటిచ్చారు. నల్ల సంచుల మూట ఆవిడ ఒళ్ళో, నా చెయ్యి దాని అంచు మీద. బేడొక్ దాటాక ఆవిడ ఉన్నట్టుండి, "మీ టిఫిను డబ్బా అలాగే ఉంది," అన్నారు. నిజమే, పొద్దుటి నుంచి నా సంచిలోనే ఉంది.

నాలుగూ ముప్పై ఎనిమిదికి ఛాంగీ. లెవాన్ పొడుగ్గా, ఓడ నూనె మరకలు ఇంకా గోళ్ళలో ఉన్న మనిషి. పెద్దమ్మను చూడగానే ఎత్తి గిర్రున తిప్పాడు. ఆవిడ తిట్లు, ముద్దులు, మళ్ళీ తిట్లు. ఒక సీడీ అతని చేతిసంచిలో, రెండోది పెట్టెలో. ఎందుకు రెండని అడిగితే, ఎతేరి గారు నన్ను చూపించి పొద్దుటి నుంచి జరిగిందంతా చెప్పారు. భాష తెలియకపోయినా ఎక్కడ ఏం చెబుతున్నారో అతని కనుబొమల్ని బట్టి తెలిసిపోయింది. అతను పగలబడి నవ్వి, నా వీపు మీద చరిచి, పక్క కొట్టు నుంచి మూడు బీరు డబ్బాలు తెచ్చాడు. ఎతేరి గారు వాటిని లాక్కుని వెనక్కి ఇచ్చి రమ్మన్నారు. వాళ్ళ పాత ఆచారంలో బీరు ఎత్తేది గిట్టనివాళ్ళ పేరు మీదట. అయినవాళ్ళకైతే ద్రాక్ష సారానే. నేను తాగనని ఆవిడకు తెలుసు. అందుకని మూడు ద్రాక్ష రసం సీసాలు వచ్చాయి. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, మధ్యలో పులిహోర డబ్బా తెరిచి పెట్టాం. లెవాన్ చేత్తో తింటూ, "ఇది ఏం పులుపు! ఇంకా ఉందా?" అన్నాడు. మా ఆవిడకు చెప్పాల్సిన మాట.

సీసా ఎత్తేముందు ఎవరో ఒకరు మాట్లాడాలి. వాళ్ళలో అది నియమం, పెద్ద ఎవరిని చెప్పమంటే వాళ్ళే చెప్పాలి. ఎతేరి గారు నా వైపు తిరిగి, "మీరు," అన్నారు. తర్వాత ఆగి, "పేరు లేకుండా మాట్లాడకూడదు. రెండేళ్ళు. నేనూ అడగలేదు. మీ పేరేమిటి?" అన్నారు.

చెప్పాను. ఆవిడ మెల్లగా, పియానో మెట్లు నొక్కినట్టు ఒక్కో అక్షరం పలికి చూసుకున్నారు. నేను నిలబడి, "ఎరిస్తావి మూడు చేతులతోనే ఇంటికి చేరాలి," అన్నాను. అంతకంటే రాలేదు. వాళ్ళిద్దరూ "గౌమర్జోస్!" అని సీసాలు ఎత్తారు. జయం కోరుతూ అనే ఆ మాటనే లెవాన్ గేటు లోపలికి వెళ్ళేదాకా అరుస్తూనే ఉన్నాడు.

ఇది జరిగి మూడు నెలలయింది. క్రితం వారం ఊరి నుంచి ఫోన్ వచ్చిందని ఎతేరి గారు చెప్పారు. చిత్రకారుడు మొహం, చర్చి అన్నీ వేసి, మూడో చెయ్యి దగ్గర ఆగి, "ఇది మరకనుకుంటా, వదిలేస్తాను," అన్నాడట. చర్చిలో కూర్చున్న ముసలమ్మలందరూ ఒక్కసారి లేచారట. వేశాడు. అసలు బొమ్మ ఇప్పుడు కొత్త అద్దంతో మళ్ళీ నా ఎదురుగా గోడమీద ఉంది. స్వాతి లోపల తప్పులు వాయిస్తుంటే నేను ఆ చేతులు లెక్కపెడుతూ కూర్చుంటాను. ఆఫీసులో నా పని మారలేదు, పాత రికార్డులు తీసేస్తూనే ఉన్నాను. తీసేసే ముందు ఆ పాత చిరునామా మాత్రం ఒకసారి చదువుతాను, ఎవరో అక్కడ కొన్నాళ్ళు ఉన్నారు కదా అని. ఈ మధ్య ఎతేరి గారిని కథల గురించి నేనే అడుగుతున్నాను. ఎరిస్తావి భార్య సంగతి ఇంకా చాలా ఉందట.

సింగపూర్‌లో అమ్మానాన్నల పెళ్ళి ఫోటోనో, తాతగారి బొమ్మనో స్కాన్ చేయించాలనుకునేవాళ్ళకు ఒక్క సూచన. శనివారం పదకొండు లోపే వెళ్ళండి, రద్దీ తక్కువ. మచ్చలు శుభ్రం చేయమంటారా అని కొట్టాయన తప్పకుండా అడుగుతారు. ఇంటివాళ్ళని అడిగి చెబుతాననండి.